తూకం తప్పనివ్వని వైద్యుడు – డాక్టర్ సి. గోపాలన్

ప్రత్యేక సంచికకు ఒక వ్యాసం ఇవ్వమని మన కార్యదర్శి గారు అడిగారు. డి.ఏ. బకాయిలు, కమ్యుటేషన్, ఆరోగ్య కార్డుల గురించి నాకంటే బాగా తెలిసిన పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. ఆ విషయాలు వారికే వదిలి, నా ఉద్యోగ జీవితమంతా ఫైళ్ళ చాటు నుంచి నేను గమనించిన ఒక మహనీయుని గురించి రాయాలనిపించింది. వారితో నాకు ముఖపరిచయం లేదు. వారి పరిశోధనల ఫలితంగా వచ్చిన పథకాల లెక్కలు రాయడమే నాకు దక్కిన సంబంధం. వారే డాక్టర్ కోలుత్తూరు గోపాలన్ గారు. హైదరాబాదులో తార్నాక మీదుగా వెళ్ళిన వారందరూ జాతీయ పోషకాహార సంస్థ బోర్డు చూసే ఉంటారు. ఆ సంస్థకు ఆ పేరు వచ్చింది వీరి హయాంలోనే.

గోపాలన్ గారు 1918 నవంబరు 29న తమిళనాడులోని సేలంలో జన్మించారు. విచిత్రమేమంటే ఆ సంస్థ కూడా అదే సంవత్సరం పుట్టింది. నీలగిరి కొండల్లో కూనూరులోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో సర్ రాబర్ట్ మెక్కారిసన్ అనే ఆంగ్లేయ వైద్యుడు బెరిబెరి వ్యాధి మీద విచారణకు చిన్న ప్రయోగశాల ప్రారంభించాడు. మిల్లు బియ్యం తినేవారికి కాళ్ళు పట్టుతప్పి గుండె దెబ్బతినే జబ్బు బెరిబెరి. దేశంలోని వేరువేరు ప్రాంతాల ప్రజలు తినే తిండిని ఎలుకలకు పెట్టి చూస్తే గోధుమ రొట్టె, పాలు, పప్పు, కూరగాయలు తిన్నవి దృఢంగా పెరిగాయనీ, పాలిష్ బియ్యమే ప్రధానంగా తిన్నవి నీరసించాయనీ ఆయన చూపించాడు. తర్వాత వచ్చిన ఎక్రాయిడ్ దొర 1937లో మన ఆహార పదార్థాల పోషక విలువలను పట్టికలుగా అచ్చువేయించాడు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఆ ప్రయోగశాలకు మంచి పేరు వచ్చింది. 1958లో దానిని కూనూరు నుంచి హైదరాబాదుకు తరలించారు. చల్లని కొండల మీద నుంచి పేదవాడి కంచానికి దగ్గరగా వచ్చిందని నేననుకుంటాను.

గోపాలన్ గారు మద్రాసులో ఎం.డి. చేసి, లండన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందారు. వారి తొలి పరిశోధనల్లో ఒకటి మన పెన్షనర్లకు వెంటనే అర్థమవుతుంది. అదే అరికాళ్ళ మంటలు. రాత్రిపూట కాళ్ళు నిప్పుల మీద పెట్టినట్టు మండుతూ నిద్రపట్టనివ్వని బాధ. ఇప్పుడు మనలో చాలామందికి అది షుగరు వల్ల వస్తోంది. ఆనాడు చూసిన రోగుల్లో అది తిండి లేమి వల్ల వచ్చేది. దీనిపై వారు 1946లో ఒక పత్రం ప్రచురించారు. బి విటమిన్లలో ఒకటైన పాంటోథెనిక్ ఆమ్లం ఇస్తే ఉపశమనం కలుగుతోందని అందులో రాశారు. నేటికీ వైద్య గ్రంథాల్లో ఆ రుగ్మతకు వారి పేరు జోడించి చెబుతారు. అప్పటికి వారి వయస్సు ముప్పై కూడా దాటలేదు.

జొన్న రొట్టె రహస్యం

నేను పాలమూరు జిల్లా పల్లెవాడిని. 1950ల చివర్లో, 60లలో మా ప్రాంతంలో కూలిజనానికి పూటపూటకూ జొన్న రొట్టె, జొన్న గటక, తొక్కు, అంబలి, అంతే. పప్పు పండుగనాడు, పాలు పక్కింటివాళ్ళవి. ఎండలు ముదిరేసరికి కొందరు కూలీలకు మెడ చుట్టూ పట్టీ వేసినట్టు, ముంజేతుల మీద, పాదాల మీద చర్మం నల్లబడి పొరలు పొరలుగా ఊడేది. నాలుక పుండయ్యేది, విరేచనాలు పట్టుకునేవి. కొందరు పొంతన లేకుండా మాట్లాడేవారు. ఎండదెబ్బ అని కొందరు, గాలి సోకిందని కొందరు అనుకునేవారు. దానికి పెల్లాగ్రా అని ఒక పేరుందని నాకు ఉద్యోగంలో చేరిన తర్వాతగానీ తెలియలేదు.

పెల్లాగ్రా అమెరికాలో, ఐరోపాలో మొక్కజొన్న తినేవారి జబ్బుగా పేరుపడింది. మొక్కజొన్నలో నయాసిన్ అనే బి విటమిను ఒంటికి పట్టని రూపంలో ఉంటుంది. ఆ విటమినును శరీరంలో తయారుచేసుకోవడానికి కావలసిన ట్రిప్టోఫాన్ అందులో తక్కువ. అయితే జొన్నలో ఈ రెండు లోపాలూ ఆ స్థాయిలో లేవు. మరి దక్కను పీఠభూమిలో జొన్న తినేవారికి ఈ జబ్బు ఎందుకు వస్తోంది? గోపాలన్ గారూ, సహచరులు డాక్టర్ శ్రీకంఠయ్య గారూ ఈ చిక్కుముడి పట్టుకున్నారు. జొన్నలో లూసిన్ అనే మరో ఆమ్లం ఎక్కువగా ఉందనీ, అది శరీరంలో నయాసిన్ తయారీకి, వినియోగానికి అడ్డుపడుతుందనీ 1960లో లాన్సెట్ పత్రికలో ప్రతిపాదించారు. అంటే లోపమే కాక, ఒకటి ఎక్కువై మరొకదానిని చెడగొట్టడమూ జబ్బుకు కారణం కావచ్చునన్నమాట. దీనిపై ఇతర దేశాల్లో చర్చోపచర్చలు సాగాయి. కొన్నిచోట్ల ఇదే ఫలితం రాలేదు కూడా. అయినా పోషకాలను విడివిడిగా కాక, ఒకదానితో ఒకటి కలిపి చూడాలన్న ఆలోచనకు అది దారి చూపింది.

ఇప్పుడు డాక్టర్లు జొన్న రొట్టె తినమంటున్నారు గదా, ఇదేమి విడ్డూరమని మీరు అడగవచ్చు. జొన్న చెడ్డది కాదు. జొన్న ఒక్కటే తినవలసి రావడం చెడ్డది. పప్పు, మజ్జిగ, ఆకుకూర పక్కన ఉంటే ఆ రొట్టె మనకు మేలే చేస్తుంది. ఈ తేడా మన ఇళ్ళలో అందరూ గుర్తుంచుకోవాలి.

కావలసింది ముందు కడుపునిండా తిండి

1960ల తొలినాళ్ళ నుంచి 1974 వరకు గోపాలన్ గారు హైదరాబాదులో ఆ సంస్థకు డైరెక్టరుగా ఉన్నారు. ఆ రోజుల్లో ప్రపంచమంతా ప్రోటీను కొరత అనే మాట మారుమోగింది. పేద దేశాల పిల్లలు ప్రోటీను లేక చిక్కిపోతున్నారనీ, వారికి చేపల పొడి, ప్రత్యేక ప్రోటీను మిశ్రమాలు, అమైనో ఆమ్లాలు కలిపిన రొట్టెలు ఇవ్వాలనీ పెద్ద పెద్ద సంస్థలు పథకాలు వేశాయి. వాటి వెనుక కోట్ల రూపాయల వ్యాపారమూ ఉంది.

గోపాలన్ గారి బృందం హైదరాబాదు చుట్టుపక్కల పల్లెల్లో పిల్లలు నిజంగా ఏమి తింటున్నారో తూచి చూసింది. ఒళ్ళు ఉబ్బే క్వాషియోర్కర్ వచ్చిన పిల్లల తిండికీ, ఎముకల గూడయ్యే మరాస్మస్ వచ్చిన పిల్లల తిండికీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఇద్దరి తిండిలోనూ మొదటి లోటు మొత్తం ఆహారానిదే, అంటే కెలోరీలదే. కెలోరీలు చాలనప్పుడు తిన్న కాస్త ప్రోటీనునూ ఒళ్ళు పొయ్యిలో కట్టెలాగా కాల్చేస్తుంది. దీనిని రుజువు చేయడానికి పల్లె పిల్లలకు ఏడాదికి పైగా ప్రతిరోజూ సుమారు 300 కెలోరీల అదనపు ఆహారం ఇచ్చారు. అందులో ప్రోటీను పేరుకు మాత్రమే. అయినా ఆ పిల్లలు అది అందని పిల్లలకంటే ఎత్తు, బరువు బాగా పెరిగారు. 1973లో ఈ ఫలితం ప్రచురించారు. ప్రోటీను ప్రచారమంతా ఒక పెద్ద పొరపాటని ఆ మరుసటి సంవత్సరమే లాన్సెట్‌లో మరో శాస్త్రవేత్త రాశాడు.

గోధుమ, శనగపప్పు, వేరుశనగ, బెల్లం కలిపి ఇంటిలోనే చేసుకోగల మిశ్రమాన్ని ఆ సంస్థ ప్రచారం చేసింది. చిక్కిపోయిన పిల్లలకు డబ్బా ఆహారం అక్కరలేదనీ, అంగట్లో దొరికే దినుసులతోనే బాగవుతారనీ చూపించింది. మన తల్లులు పెట్టిన సున్నుండలూ, పల్లీ పట్టీలూ గుర్తుకు వస్తున్నాయా? 1971లో గోపాలన్ గారూ, సహచరులూ మన ఆహార పదార్థాల పోషక విలువల గ్రంథాన్ని కొత్తగా తీసుకొచ్చారు. ఆసుపత్రి డైటీషియన్ నుంచి హాస్టల్ వార్డెన్ వరకు దశాబ్దాల తరబడి అందరికీ అదే ప్రమాణమైంది. 1972లో వివిధ రాష్ట్రాల్లో జనం తిండిని ఏటేటా సర్వే చేసే జాతీయ పోషకాహార పరిశీలన విభాగం ఏర్పడింది. లెక్క లేనిదే పని లేదన్నది మన గుమాస్తాల సిద్ధాంతం. వారిదీ అదే.

రెండు మిల్లీలీటర్ల చెంచా

నేను 1973లో ఒక జిల్లా వైద్య ఆరోగ్యశాఖ కార్యాలయంలో ఎల్.డి.సి.గా చేరాను. నాకిచ్చిన సీటులో విటమిన్ ఎ సీసాల ఇండెంట్లు ఒక భాగం. విటమిన్ ఎ చాలక పిల్లలకు మొదట రేచీకటి వస్తుంది, తర్వాత నల్లగుడ్డు మెత్తబడి కరిగి శాశ్వతంగా చూపు పోతుంది. ఆ విటమిను కాలేయంలో నిల్వ ఉంటుంది గనుక ఒకేసారి పెద్ద మోతాదు ఇస్తే నెలల తరబడి పనిచేస్తుందని హైదరాబాదు సంస్థ పల్లెల్లో పరీక్షించి చూపించింది. ఆ ప్రాతిపదిక మీద 1970లో కేంద్ర ప్రభుత్వం, ఏడాది నుంచి అయిదేళ్ళ లోపు పిల్లలకు ఆరు నెలలకొకసారి 2 లక్షల యూనిట్ల మోతాదు ఇచ్చే పథకం ప్రారంభించింది.

2 లక్షల యూనిట్లంటే 2 మిల్లీలీటర్ల మందు. సీసాతోపాటు కొలత చెంచా వచ్చేది. 100 మిల్లీలీటర్ల సీసా 50 మంది పిల్లలకు సరిపోవాలి. ఉపకేంద్రాల వారీగా పిల్లల సంఖ్యను 50తో భాగించి సీసాలు కేటాయించడం నా పని. ఒక సంవత్సరం పైనుంచి సరుకు ఆలస్యంగా వచ్చింది. రిజిస్టరులో రెండో మోతాదు గడి ఎన్నో గ్రామాలకు ఖాళీగా మిగిలిపోయింది. మా సూపరింటెండెంటు గారు ఆ గళ్ళను వేలితో చూపిస్తూ, "ఇవి ఖాళీ గళ్ళు కావయ్యా, కళ్ళు" అన్నారు. ఆయన గతించి చాలా ఏళ్ళయింది. ఆ మాట మాత్రం నేను 2008లో రిటైరయ్యే వరకు ప్రతి ఇండెంటు మీదా గుర్తుకు వచ్చేది.

విశేషమేమంటే, తమ సంస్థ రూపొందించిన ఈ పథకాన్ని గోపాలన్ గారు కళ్ళకద్దుకుని కూర్చోలేదు. తర్వాతి దశాబ్దాల్లో, పెద్ద మోతాదు మందు అత్యవసరానికి మాత్రమేననీ, ఎల్లకాలం దాని మీద ఆధారపడరాదనీ, పెరట్లో మునగాకు, తోటకూర పండుతున్న దేశంలో తిండి ద్వారానే ఈ లోపం తీరాలనీ వాదించారు. పథకం తమదని దానినే పట్టుకు వేళ్ళాడేవారిని మనం సర్వీసులో ఎంతమందిని చూడలేదు!

పొట్టివాడు ఆరోగ్యవంతుడేనా?

1974 నుంచి 1979 వరకు గోపాలన్ గారు భారత వైద్య పరిశోధనా మండలికి డైరెక్టర్ జనరల్‌గా పనిచేశారు. 1975లో అంగన్‌వాడీలు మొదలైన కాలమది. ఆ తర్వాత పదవీ విరమణ. మనకైతే కథ అక్కడ ముగుస్తుంది. వారి జీవితంలో అతి ముఖ్యమైన పోరాటం అక్కడే మొదలైంది. ఢిల్లీలో భారత పోషకాహార ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ స్థాపించి, 1980 నుంచి ఒక చిన్న బులెటిన్ నడిపారు. మన సంఘం పత్రికలాగే కొద్ది పేజీలదే. కానీ ప్రణాళికలు వేసేవారు దానిని పట్టించుకోక తప్పలేదు.

1980ల ఆరంభంలో డేవిడ్ సెక్లర్ అనే అమెరికన్ ఆర్థికవేత్త ఒక వాదన తెచ్చాడు. భారతదేశంలో పొట్టిగా, సన్నగా ఉన్న పిల్లల్లో ఎక్కువమంది జబ్బుపడినవారు కారు, తక్కువ తిండికి శరీరం సర్దుకున్నవారే, వారు పొట్టి అయినా ఆరోగ్యవంతులే అన్నాడు. మన దేశంలోనే పేరొందిన గణాంక శాస్త్రవేత్త సుఖాత్మే గారు కూడా తక్కువ కెలోరీలకు శరీరం అలవాటు పడగలదన్న కోణంలో రాశారు. వినడానికి ఇది శాస్త్ర చర్చ. ఫైలు భాషలో దాని అర్థమేమిటో మనకు తెలుసు. కొలబద్దను కాస్త కిందికి జరిపితే చాలు, ఒక్క గింజ అదనంగా పెట్టకుండానే పోషకాహార లోపం ఉన్న పిల్లల సంఖ్య కోట్లలో తగ్గిపోతుంది. బడ్జెటూ తగ్గుతుంది.

గోపాలన్ గారు దీనిని గట్టిగా ఎదిరించారు. పొట్టితనం ఆరోగ్యమైతే అది పేదవాడి పిల్లలకే ఎందుకు వర్తిస్తుంది, ఉన్నవారి పిల్లలకు ఎందుకు వర్తించదని నిలదీశారు. కడుపునిండా తిని, శుభ్రమైన ఇంట్లో పెరిగే భారతీయ పిల్లలు ఏ దేశపు పిల్లలకూ తీసిపోకుండా పెరుగుతున్నారనీ, కనుక తేడా జాతిలో లేదు, కంచంలో ఉందనీ వారు వాదించారు. పెరుగుదల ఆగిపోవడం సర్దుబాటు కాదు, శరీరం చెల్లించే మూల్యం. ఆ బిడ్డ చదువులో, పనిచేసే శక్తిలో, రేపు తల్లి అయితే ఆమె కాన్పులో ఆ మూల్యం తేలుతుంది.

తీర్పు రావడానికి ఇరవై ఏళ్ళకు పైగా పట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ బ్రెజిల్, ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో మంచి పోషణ గల పిల్లలను కొలిచి, 2006లో కొత్త ప్రమాణాలు ప్రకటించింది. మన దేశం తరఫున కొలిచింది దక్షిణ ఢిల్లీ పిల్లలను. ఆరు దేశాల పిల్లలూ ఎత్తులో దాదాపు ఒకే తీరుగా పెరిగారు. అప్పటికి గోపాలన్ గారికి 87 ఏళ్ళు.

మన షుగరుకు మూలం ఎక్కడ?

1990లలో వారి దృష్టి దీర్ఘవ్యాధుల వైపు మళ్ళింది. ఆగ్నేయాసియా దేశాల్లో ఒకవైపు ఆకలి తీరకుండానే మరోవైపు మధుమేహం, రక్తపోటు, గుండెజబ్బులు పెరుగుతున్న తీరు మీద వారు రాసిన గ్రంథాన్ని 1992లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురించింది. ఈ రెండు బరువులూ వేరువేరు కావు, ఒకే తాడుకు రెండు కొసలు.

ఇంగ్లండులో డేవిడ్ బార్కర్ అనే వైద్యుడు పాత జనన రికార్డులు తిరగేసి, తక్కువ బరువుతో పుట్టినవారిలో గుండెజబ్బు మరణాలు ఎక్కువని 1989లో చూపించాడు. గమనించారా, అది కూడా ఎవరో జాగ్రత్తగా రాసిపెట్టిన రిజిస్టరు పుణ్యమే! మన దేశంలో పుణేలో డాక్టర్ యాజ్ఞిక్ గారి బృందం 1993లో మొదలుపెట్టిన అధ్యయనంలో, మన పల్లెటూళ్ళలో పుట్టే శిశువులు బరువులో తక్కువైనా, కండ తక్కువగా, కొవ్వు దామాషాలో ఎక్కువగా ఉంటారని తేలింది. తల్లి గర్భంలో కొరతకు అలవాటుపడిన శరీరానికి పెద్దయ్యాక కూర్చునే ఉద్యోగం, మూడు పూటలా తెల్లటి అన్నం, స్వీట్లు దొరికితే ఆ శరీరం తట్టుకోలేదు.

మన తరం సంగతి చూసుకోండి. మనలో చాలామంది కరువు రోజుల్లో పుట్టాం. జొన్న గటక, గంజి తాగి బడికి నడిచాం. ఉద్యోగం వచ్చాక కుర్చీ దొరికింది. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. ఆకలి తగ్గింది, పెల్లాగ్రా అరుదైంది, అది చిన్న సంగతి కాదు. కానీ కంచంలో జొన్న పోయి అన్నం కుప్పయింది, పప్పూ కూరా మాత్రం ఆ మేరకు పెరగలేదు. 2023లో ప్రచురించిన వైద్య పరిశోధనా మండలి అధ్యయనం ప్రకారం దేశంలో మధుమేహులు 10 కోట్ల పైచిలుకు. మన నెలవారీ సమావేశంలో టీ ఇచ్చేటప్పుడు "చక్కెర లేకుండా" అనేవారిని లెక్కపెడితే ఆ సంఖ్య మీద ఎవరికీ అనుమానం రాదు.

గోపాలన్ గారికి 1970లో పద్మశ్రీ, 2003లో పద్మభూషణ్ లభించాయి. 1987లో లండన్ రాయల్ సొసైటీ వారిని సభ్యులుగా ఎన్నుకుంది. అప్పటికి వారు రిటైరై ఎనిమిదేళ్ళు. నూరేళ్ళు నిండు జీవితం గడిపి, 2019 అక్టోబరు 3న చెన్నైలో కన్నుమూశారు.

మనం చేయగలిగినది

వారు వాదించిన వాదం నెగ్గింది గానీ పని పూర్తి కాలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 35 మందికి పైగా వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఈ పిల్లలే 2070లో షుగరు మాత్రలు మింగే పెద్దలవుతారు.

కనుక కుటుంబ సభ్యులందరికీ నా విన్నపం. ఇంట్లో కోడలుగానీ కూతురుగానీ గర్భవతి అయితే ఆమె బరువు నెలనెలా చూడండి. అందరూ తిన్నాక మిగిలింది తినే ఆచారం ఆ తొమ్మిది నెలలైనా మానిపించండి. మనవల ఎత్తు, బరువు కార్డు మీద రాయించండి. మన కంచంలో అన్నం తగ్గించి పప్పు, ఆకుకూర, మజ్జిగ పెంచండి.

సంఘానికి ఒక ప్రతిపాదన. ప్రతి యూనిట్‌లోనూ ఓపిక ఉన్న ఇద్దరు ముగ్గురు సభ్యులు, నెలకొకసారి దగ్గరి అంగన్‌వాడీకి వెళ్ళి, టీచరమ్మ అనుమతితో పిల్లల బరువులు తూచేటప్పుడు సాయం చేయవచ్చు. ఆమెకు రాతపని ఎక్కువ, మనకు రాతపనే వచ్చు. తూకం చూసి ఉన్నది ఉన్నట్టు రాయాలి, గడి ఖాళీగా ఉంటే ఎందుకు ఖాళీయో అడగాలి. ముప్పై అయిదేళ్ళు ప్రభుత్వం మనకు నేర్పింది అదే గదా. రాబోయే సర్వసభ్య సమావేశం ఎజెండాలో ఈ అంశం చేర్చవలసిందిగా కార్యదర్శి గారిని కోరుతున్నాను. మొదటి పేరు నాదే రాసుకోవచ్చు.